చెవి పందెం

ఆ ఒంటిచక్రం మనుషులంటే నాకు ఒళ్ళు మంట. ఇవాళ్టి మంట కాదు, ఆ దిక్కుమాలిన చక్రాలు రోడ్డెక్కిన రోజు నుంచీ ఉన్నదే. ఇరవై రెండేళ్ళుగా బస్సు తోలుతున్నాను. ఆటోలను భరించాను, మోటారు సైకిళ్ళను భరించాను, ఫోను చెవికి అంటించుకుని రోడ్డు దాటే మహానుభావుల్ని భరించాను. రెండు కాళ్ళ మధ్య బ్యాటరీ చక్రం ఇరికించుకుని, చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకులా నిలబడి నా అద్దం పక్క నుంచి జారిపోయే ఈ జాతిని మాత్రం భరించడం నా వల్ల కాలేదు. పట్టుకోడానికి హ్యాండిల్ లేదు, తొక్కడానికి బ్రేకు లేదు, బుర్రలో భయం అంతకన్నా లేదు.

అలాంటి నేను ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాళ్ళ సమావేశానికి నా కాళ్ళతో నేనే నడుచుకుంటూ వెళ్ళాను. ఖర్మ కాకపోతే ఏంటి?

మర్నాడు సోమవారం పదకొండు గంటలకి డిపోలో నా మీద విచారణ. రెండు వారాల క్రితం ఒకావిడ చక్రమేసుకుని నా బస్సుకి ఎడం పక్కగా వచ్చి, ముందు డ్రైనేజీ మూత కనపడేసరికి చటుక్కున నాకు అడ్డం తిరిగింది. తిరిగి, నాలుగు క్షణాలు నా ముందు పోయి, బొక్కబోర్లా పడింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు ఆవిడ తలకి బారెడు దూరంలో ఆగింది. ఆవిడ మెడ దగ్గర ఎముక విరిగింది. లోపల ముందు సీట్లో కూర్చున్న ముసలాయన పన్ను ఊడింది. ఇదీ జరిగింది.

ఆవిడ హెల్మెట్ వెనక కెమెరా ఉందట. ఆ వీడియోలోంచి పంతొమ్మిది సెకన్ల ముక్క కోసి వాళ్ళ సంఘం పెద్ద ఇంటర్నెట్లో పెట్టాడు. అందులో ఏముంది? బస్సు మొహం ఉబ్బుకుంటూ రావడం, ఆవిడ పడడం, కీచుమని బ్రేకు. అంతే. ఆవిడ అడ్డం తిరిగిన సంగతి లేదు. పైన 'రోడ్డు మీద హంతకుడు' అని పేరు. మా బస్సులో ఉన్న కెమెరా ఆర్నెల్లుగా గుడ్డిది. నన్ను డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. మొత్తం వీడియో తెస్తే ఉద్యోగం ఉంటుంది, తేకపోతే ఊడుతుంది. మా యూనియన్ ఆయన చెప్పిన మాట ఇది.

మా ఆవిడ గుమ్మంలో దారికి అడ్డంగా నిలబడింది.

"వీడియో అడగడానికి వెళ్తున్నావు. పోట్లాటకి కాదు. గుర్తుందా?"

"నేనెప్పుడు పోట్లాడాను?"

"ఇదిగో, ఇప్పుడే మొదలుపెట్టావు."

చెప్పులేసుకున్నాను. నాకు నోటి దూల ఎక్కువని ఆవిడ బాధ. స్టీరింగ్ ముందు కూర్చుంటే రోడ్డు మీద ఉన్న ప్రతివాడికీ అక్షింతలు వేస్తూనే ఉంటాను. కిటికీ తీసే ఉంటుంది కాబట్టి వినపడేవాళ్ళకి వినపడుతుంది. దానికి నేనేం చెయ్యను?

సమావేశం నాలుగంతస్తుల పార్కింగ్ భవనంలో పై అంతస్తు మీద. మెట్లెక్కేసరికి కళ్ళు తిరిగాయి, ఆయాసానికి కాదు, అక్కడున్న సంతకి. నూటికి పైగా జనం. ఒంటిచక్రాలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. నిలబడి పోయే స్కూటర్లు, కింద మోటారు బిగించిన చెక్కలు, సూట్‌కేసులా మడిచేవి, కుర్చీలా కూర్చునేవి. గోడ పొడుగునా ఛార్జింగ్ ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గుకి ముగ్గురు కాపలా. అందరి మోకాళ్ళకీ మోచేతులకీ డొప్పలు. యుద్ధానికి పోతున్నారనుకోవాలి. ఒకళ్ళనొకళ్ళు బాగున్నావా అని కూడా అడగరు.

"ఎంత శాతం?"

"డెబ్భై రెండు. నీది?"

"తొంభై."

ఆహా, ఏం కుశలప్రశ్నలు!

సంఘం పెద్దని కనుక్కోవడం కష్టం కాలేదు. కుర్చీలో కూర్చుని కూడా మోకాలి డొప్పలు తియ్యని మనిషి ఆయనొక్కడే. అందుకని ఆయన్ని మోకాళ్ళాయన అంటాను. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టడా మరి, నా మొహాన్ని లక్షమందికి పంచిపెట్టినవాడు!

"మీరు ఇక్కడికి..." అని నీళ్ళు నమిలాడు.

"ఈ సమావేశానికి అందరికీ స్వాగతం అని ఇంటర్నెట్లో రాశారుగా. అందరిలో నేను లేనా?"

ఈలోగా వెనక నుంచి ఎవరో, "హంతకుడొచ్చాడ్రోయ్!" అన్నారు. నూరు తలలు తిరిగాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడ్రా అది? హంతకుడైతే ఆ చక్రం ఆవిడ బతికుండేదా? బారెడు దూరంలో ఆపాను బస్సుని! ఎనిమిది టన్నుల బస్సు! మీలో ఎవడికైనా దమ్ముంటే వచ్చి ఆపి చూపించండి!"

ఒకడు నా మీదికి రాబోయాడు. ఇంకొకడు ఫోను తీసి నన్ను వీడియో తియ్యడం మొదలుపెట్టాడు. మా ఆవిడ మాట గుర్తొచ్చింది కానీ అప్పటికే ఆలస్యమైంది. అప్పుడు కుర్చీల మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది.

"వదిలెయ్యండి. నేనే రమ్మన్నాననుకోండి."

ఆవిడే. నలభై ఏళ్ళుంటాయి. ఎడం చెయ్యి గుడ్డ ఉయ్యాల్లో మెడకి వేలాడుతోంది. డీజిల్ అక్క అంటారట ఆవిడని. ఎందుకంటే ఆవిడ పని డీజిల్ జనరేటర్లు బాగుచెయ్యడం. ఆస్పత్రుల్లో, పెద్ద పెద్ద భవనాల్లో కరెంటు పోతే మోగుతాయే, అవి. వారమంతా డీజిల్ పొగ మింగే మనిషి ఆదివారం కరెంటు చక్రం ఎక్కడమేంటో! గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా అలాగే ఉంది.

"వీడియో మొత్తం కావాలి," అన్నాను. నమస్కారం కూడా పెట్టలేదు. "రేపు నా విచారణ. మీ ముక్క వల్ల నా పొట్ట కొట్టారు."

"ముక్క నేను పెట్టలేదు. అప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాను." మోకాళ్ళాయన వైపు చూసింది. ఆయన డొప్ప సర్దుకున్నాడు. "మొత్తం వీడియో ఇవాళ చెవి పందెంలో వేస్తారు. అది అయ్యాక ఇస్తాను. కూర్చో అన్నా."

అన్నా అట! నాకు పళ్ళు నూరాలనిపించింది. కానీ వీడియో ఆవిడ చేతిలో ఉంది కాబట్టి కూర్చున్నాను.

చెవి పందెం అంటే ఏంటో చెప్తాను. ఆ నెలలో చక్రం మీంచి పడ్డవాళ్ళు వాళ్ళ వీడియో తేవాలి. తెర మీద దుప్పటి కప్పేస్తారు. ముందు చప్పుడు మాత్రమే వేస్తారు. అందరూ కళ్ళు మూసుకుని విని, ఎందుకు పడ్డాడో చెప్పాలి. బ్యాటరీ అయిపోయిందా, గుంటా, వేగం మించిందా అని. ఆ చక్రాలు తల్లి లేని పిల్లల్లా ఊరికే ఏడుస్తుంటాయి: వేగం ఎక్కువైతే ఒక బీప్, బ్యాటరీ తగ్గితే ఇంకో బీప్. సరిగ్గా చెప్పినవాడికి, పడ్డవాడు తన హెల్మెట్ మీది స్టిక్కర్ ఊడదీసి ఇవ్వాలి. తర్వాత దుప్పటి తీసి బొమ్మ వేస్తారు. ఆఖర్న పడ్డవాడు లేచి నిలబడి, నా తప్పు ఇదీ అని ఒప్పుకోవాలి. ఎదుటివాడి తప్పు గురించి మాట్లాడకూడదు. అదీ వాళ్ళ కట్టుబాటు. పడటానికి కూడా పరీక్ష పెట్టుకున్న జనాన్ని ఇక్కడే చూశాను.

మొదటి చప్పుడు వేశారు. గాలి, టైరు రాపిడి, ఒక బీప్, ధబ్. "గుంట!" అన్నాడు ఒకడు. "బ్యాటరీ!" అన్నాడు ఇంకొకడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"చెవులా అవి, చిల్లులా? తడి రోడ్డది! టైరు కింద నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినపడట్లేదూ?"

దుప్పటి తీశారు. నిజంగానే ఎవరో కారు కడిగిన నీళ్ళు రోడ్డంతా. పడ్డ మనిషి, ఒక పళ్ళ డాక్టరు, వచ్చి నా చేతిలో స్టిక్కర్ పెట్టాడు. మీద కప్ప బొమ్మ ఉంది. నలుగురు చప్పట్లు కొట్టారు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు కానీ, కాస్త గర్వంగానే అనిపించింది. ఇరవై రెండేళ్ళు చెవులతోనే బస్సు తోలాను మరి. ఏ నట్టు వదులైందో నాకు చప్పుడే చెప్తుంది.

ఆఖర్న డీజిల్ అక్క వంతు వచ్చింది. అందరూ ఓసారి నా వైపు చూసి కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

ముందు గాలి. ఆవిడ చక్రం రొద. తర్వాత నా బస్సు. నా బస్సు గొంతు నాకు తెలియదా? మూడో గేరులో ఉంది, సాఫీగా పోతోంది. ఆవిడ పక్కకి వచ్చి, నాకు అడ్డం తిరిగింది. వేగం బీప్ మొదలైంది. తర్వాత కిటికీలోంచి నా నోరు, స్పీకర్లలో ఇంత పెద్దగా: "రా, రా, చావడానికి నా బస్సే దొరికిందా నీకు!" ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ, తిట్టడం నేరం కాదుగా.

ఆ మాట అయిన తర్వాత ఇంజను.

నేను డిపోలో రాసిచ్చిన కాగితంలో ఏముందంటే, 'సదరు మహిళ అడ్డం రాగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు వేశాను' అని. మా ఆవిడకి అదే చెప్పాను. యూనియన్ ఆయనకి అదే చెప్పాను. రెండు వారాలు చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. కాలు తీస్తే ఇంజను గొంతు కిందికి దిగాలి. పిల్లాడు నిద్రలోకి జారినట్టు మెల్లగా తగ్గాలి.

దిగలేదు. లేచింది.

ఒకటి, రెండు, మూడు. మూడు క్షణాల పాటు లేస్తూనే ఉంది. రేజ్ చేశాను. కాలు తియ్యలేదు, తొక్కాను. భయపెడదామని తొక్కాను. ఏడిపిద్దామని తొక్కాను. నా కుడి కాలికి అంతా గుర్తొచ్చింది, కుర్చీలో కూర్చునే ఉన్నా పాదం కిందికి ఒత్తుకుంది. ఆ మూడు క్షణాలూ ఆవిడ చక్రం బీప్ బీప్‌మని గొంతు చించుకుంటోంది. తర్వాత ధబ్. అప్పుడు, అప్పుడు మాత్రమే, నా బ్రేకు.

ఇక అయిపోయాను, ఇప్పుడు నూరుమందీ లేచి నన్ను చీల్చేస్తారు అనుకున్నాను. కళ్ళు తెరిచాను.

"వేగం మించింది!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"బీప్ వింటూ కూడా తగ్గలేదు అక్క!"

"ఛ, మన అక్కేనా!"

ఒక్కడంటే ఒక్కడు ఇంజను మాట ఎత్తలేదు. వాళ్ళు కరెంటు మనుషులు. బీప్‌లు వినడం వచ్చు, ఇంజను వినడం ఎవడికీ రాదు. బస్సు చప్పుడు వాళ్ళకి బస్సు చప్పుడే. దుప్పటి తీసి బొమ్మ వేశారు. బొమ్మలో ఆవిడ అడ్డం తిరగడం ఎండలా స్పష్టంగా ఉంది. ఆ వెడల్పు లెన్సులో బస్సు దగ్గరికొస్తోందా, ఆవిడే వెనక్కి తగ్గుతోందా అని తేల్చడం ఎవరి తరమూ కాదు.

మోకాళ్ళాయన లేచి మైకు పట్టుకున్నాడు. "డ్రైవర్ గారూ, మా వల్ల పొరపాటు జరిగింది. ఆ ముక్క ఇప్పుడే తీసేస్తున్నాను. అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను." చప్పట్లు. ఇందాక నా మీదికొచ్చినవాడే వచ్చి భుజం తట్టాడు. వాడి చెయ్యి విరిచెయ్యాలనిపించింది. ఎందుకో నాకే తెలియలేదు.

కట్టుబాటు ప్రకారం డీజిల్ అక్క మైకు అందుకుని లేచి నిలబడింది.

"అడ్డం తిరిగాను. నా తప్పు. బీప్ విన్నాను, తగ్గలేదు. అదీ నా తప్పే." అని నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. అందరూ ఇంకేదో చెప్తుందని ఆగారు. ఏమీ చెప్పకుండా కూర్చుంది.

మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. ఒంటి చేత్తోనే తన ఫోన్లోంచి నా ఫోన్లోకి వీడియో పంపింది. అది ఎక్కుతున్నంతసేపూ ఇద్దరం ఫోను మీద నిండుతున్న గీత వైపే చూస్తూ నిలబడ్డాం.

"నేను పద్దెనిమిదేళ్ళుగా ఇంజన్లు వింటున్నాను అన్నా," అంది.

"అయితే?"

"అయితే ఏముంది, నువ్వు విన్నదే నేనూ విన్నాను. చక్రం తగ్గమని మొత్తుకుంటూనే ఉంది. తగ్గితే నీ బస్సు కింద ఉంటాను. అందుకే తగ్గలేదు."

"మరి అక్కడ నోరెందుకు విప్పలేదు? మైకు నీ చేతిలోనే ఉందిగా!" అరిచాను. తప్పు నాది పెట్టుకుని ఆవిడ మీద అరిచాను, చూడండి నా బతుకు.

"ఎదుటివాడి తప్పు చెప్పకూడదు మా దగ్గర. నువ్వు చెప్తావేమోనని చూశాను. తడి రోడ్డుకి అంత గట్టిగా అరిచావుగా." ఫోను జేబులో పెట్టుకుంది. "ఆర్నెల్ల దాకా ఈ చేత్తో స్పానర్ పట్టొద్దన్నారు. రేపు వీడియో చూపించుకో. నీకేం కాదు."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదన్నా. నీకేం కాదనే చెప్తున్నాను." పైకి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక మా ఆవిడ నా మొహం చూసి, "ఇవ్వలేదా?" అంది. ఇచ్చారన్నాను. దేవుడా అని కూలబడి ఏడ్చింది. కప్ప స్టిక్కర్ జేబులోంచి తీసి బల్ల మీద పడేశాను. ఇదేంటని అడిగింది. పందెంలో గెలిచానన్నాను.

మర్నాడు పదకొండింటికి విచారణ గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఫైళ్ళ బరువుకి వంగిన అలమర. విచారణ చేసే ఆఫీసరు కూడా ఒకప్పుడు స్టీరింగ్ పట్టినవాడే, పరీక్షలు రాసి పైకెక్కాడు. వీడియో కంప్యూటర్లో వేశాడు. బొమ్మ కదులుతోంది, చప్పుడు మాత్రం లేదు.

"స్పీకర్లు పాడై నెలైంది," అన్నాడు ఆయనే. "బొమ్మ చాల్లే." ఆవిడ అడ్డం తిరిగిన చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాడు. "ఇంత స్పష్టంగా ఉంటే గొడవేంటయ్యా? అనవసరంగా నిన్ను రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు." నేను రాసిచ్చిన పాత కాగితం నా ముందుకి తోశాడు. "ఇది నిజమేనని కింద ఒక సంతకం పడెయ్. రేపు ఐదున్నర డ్యూటీ నీదే."

పెన్ను తీసుకున్నాను. 'యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి' అన్న చోట నా చేతిరాత ఎంత ముద్దుగా ఉందో! మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. సంతకానికి ఎంతసేపు పడుతుంది? ఇరవై రెండేళ్ళుగా రోజూ పెడుతున్నదే. నా పేరులో మొదటి అక్షరం రాశాను.

రెండో అక్షరం పడలేదు. కోపం వచ్చింది. ఆవిడ మీద, మోకాళ్ళాయన మీద, చెడిపోయిన స్పీకర్ల మీద, అన్నిటికన్నా బల్ల కింద తగుదునమ్మా అని కూర్చున్న నా కుడి కాలి మీద.

"సౌండు లేకుండా బస్సు గురించి ఏం తెలుస్తుంది సార్ మీకు?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏంటయ్యా? నీ మేలు కోరి చెప్తుంటే నా మీదే ఎగురుతావేంటి?"

జేబులోంచి ఫోను తీశాను. నా కాగితం మీదే పెట్టి, సౌండు ఆఖరి దాకా పెంచి, నొక్కాను. గాలి. చక్రం రొద. బీప్. నా నోరు. వేలు ఎత్తి, "ఇక్కడ వినండి," అన్నాను. "ఇక్కడి నుంచి."

ఇంజను లేచింది. ఆయన కళ్ళు ఫోను మీంచి మెల్లగా నా కాళ్ళ వైపు దిగాయి. మళ్ళీ వెయ్యమని అడగలేదు.